ఆదివారం మిగిలిన ఎర మళ్ళీ ఆదివారం దాకా బతకాలంటే

గాలం వేసేవాడికి చేప పడకపోవడం కొత్త కాదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, సంచీ సర్దుకుని, చివరగా ఎర డబ్బా మూత తీయగానే గుప్పున కంపు కొట్టడం మాత్రం వేరే బాధ. ఆ వేళకు ఎక్కడా ఎర దొరకదు, చీకట్లో పలుగు పట్టుకుని పెరడు తవ్వలేము. శ్రీకాకుళంలో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం ఒక్క పూట నాగావళి ఒడ్డునో, కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే మొగలోనో కూర్చునే నాబోటివాళ్ళకు ఆ పూట పోతే వారమంతా పోయినట్టే.

అందుకే మిగిలిన ఎరను వచ్చే ఆదివారం దాకా ప్రాణాలతో ఉంచడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ తొక్కి చూశాను. మట్టి కుండ, ఫ్రిజ్, థర్మాకోల్ పెట్టె, సిమెంటు తొట్టి, చెరువులో వల సంచి, ఆక్వేరియం పంపు. కొన్ని నిలబడ్డాయి, కొన్ని ఇంట్లో నా పరువు తీశాయి.

ముందుగా ఒక సంగతి. ఆకలితో చచ్చిన ఎరను నేను ఇంతవరకు చూడలేదు. ఎర చచ్చేది వేడికి, ఇరుకుకు, తన మలినంలో తానే మునిగిపోవడం వల్ల. మనం జాలిపడి వేసే తిండి ఆ మలినాన్ని ఇంకా పెంచుతుంది. కాబట్టి రెండు పద్ధతుల మధ్య ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు నేను అడిగే ప్రశ్నలు రెండే: ఇది ఎంత చల్లగా ఉంచుతుంది? ఎన్ని రోజులు? చలి దేశాల వాళ్ళు తీసిన వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. వాళ్ళు చలికి భయపడి జాగ్రత్తలు చెబుతారు. మన వరండాలో, నీడలోనే, మే నెలలో బకెట్టులో నీళ్ళు 30 డిగ్రీలు దాటుతాయి.

ఎర్రలు

వానపాములను మన వైపు ఎర్రలనే అంటాం. పైకి అన్నీ ఒకేలా కనిపించినా, దాచే విషయంలో మూడు తీరులు. పొలం గట్టునో అరటి మొదట్లోనో తవ్వితే వచ్చేవి మట్టి ఎర్రలు. ఇవి పొడవుగా, బలంగా ఉంటాయి. గాలానికి గుచ్చితే జారిపోవు. జెల్లలకు వీటి మీద మోజు ఎక్కువ. అయితే నేలలో సొరంగాలు చేసుకుని తిరిగే జీవులు కాబట్టి డబ్బాలో పెడితే మూడు నాలుగు రోజులకే వాడిపోతాయి. రెండోవి పాత పేడకుప్పలో దొరికే సన్నటి గత్తం ఎర్రలు. పశువుల ఎరువును మా జిల్లాలో గత్తమనే అంటారు. మూడోవి వర్మీకంపోస్టు తయారు చేసేవారి దగ్గర కొనేవి. వాటిలో తరచుగా కనిపించేది ఆఫ్రికా నుంచి వచ్చిన యూడ్రిలస్ జాతి. ఈ చివరి రెండూ కుళ్ళిన ఆకు, పేడ మధ్యే పుట్టి పెరుగుతాయి కాబట్టి చిన్న పాత్రలో కూడా నెలల తరబడి ఉంటాయి, గుడ్లు పెట్టి పెరుగుతాయి కూడా.

మట్టి ఎర్రలను దాచాలని ప్రయత్నించకండి. ఆ రోజు తవ్వి ఆ రోజే వాడండి. మిగిలితే తవ్విన చోటే వదిలేయండి. దాచడానికి పనికొచ్చేవి గత్తం ఎర్రలు, కంపోస్టు ఎర్రలు మాత్రమే. ఇక వాటిని దేనిలో ఉంచాలన్నదే అసలు ప్రశ్న.

ఫ్రిజ్ సంగతి ముందు తేల్చేస్తాను, ఎందుకంటే అందరికీ మొదట తట్టేది అదే. ఏదో వీడియోలో ఒకాయన వానపాములను డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో నెలంతా దాచి చూపించాడు. నేనూ ఒక శుక్రవారం రాత్రి కంపోస్టు ఎర్రలను కొబ్బరి పొట్టుతో సహా స్టీలు డబ్బాలో పెట్టి, కొత్తిమీర కట్ట వెనక దాచాను. శనివారం మా ఆవిడ అడిగింది, "ఏమండీ, ఈ డబ్బాలో తవుడు ఎందుకు పెట్టారు?" అని. నేను సమాధానం వెతుక్కునేలోపే మూత తీసింది. ఆ తరువాత జరిగింది ఇక్కడ అనవసరం. ఎర్రల సంగతి చెబుతాను. అన్నీ ఒక మూల ముద్దగా చేరి, తాడు ముక్కల్లా వేలాడుతూ ఉన్నాయి. బయట పెట్టాక కొన్ని కదిలాయి. మర్నాడు ఉదయానికి అవీ లేవు. ఆ వీడియోలోనివి చలి నేలల్లో పుట్టిన వానపాములు. నాలుగైదు డిగ్రీల చలి వాటికి నిద్ర లాంటిది. మన దగ్గర కొనే ఆఫ్రికా ఎర్ర 25 డిగ్రీల చుట్టూ సుఖపడే జీవి. దానికి మన ఫ్రిజ్ మార్చురీయే. కాబట్టి ఇంట్లో గొడవ రాకపోయినా, ఫ్రిజ్ వద్దు.

ప్లాస్టిక్ డబ్బా, థర్మాకోల్ పెట్టె ప్రయాణానికి మేలు. దాచడానికి రెండో స్థానమే. వానపాము చర్మంతోనే ఊపిరి తీసుకుంటుంది. చర్మం తడిగా ఉండాలి, చుట్టూ గాలి ఆడాలి. ప్లాస్టిక్ గోడకు చెమట పట్టి నీరంతా అడుక్కు చేరుతుంది. పైన ఎండు, అడుగున బురద. బురదలో గాలి ఉండదు. ఒక ఎర్ర చచ్చి కుళ్ళిందంటే మిగతావాటికీ మూడినట్టే. థర్మాకోల్ బయటి వేడిని ఆపుతుంది, నిజమే, కానీ ఒకసారి లోపలికి చేరిన వేడిని కూడా అంతే జాగ్రత్తగా దాచిపెడుతుంది. ప్లాస్టిక్కే వాడాలనుకుంటే అడుగున, మూతకు సన్నటి రంధ్రాలు చేసి, సగానికి మించి నింపకండి.

నా ఓటు మట్టి కుండకు. కొత్తది కొనాల్సిన పనిలేదు. వేసవిలో నీళ్ళు చల్లబడటం లేదని పక్కన పడేసిన పాత కుండ, అడుగు కాస్త బీటలు వారినదైతే మరీ మంచిది, ఎక్కువైన నీరు దానంతట అదే కారిపోతుంది. బీట లేకపోతే అడుగున చిన్న రంధ్రం చేసి గుడ్డముక్క అడ్డుపెట్టాలి. లోపల పరుపుకు కొబ్బరి పొట్టు వాడతాను. ఉద్దానం వైపు నుంచి వచ్చే పొట్టు చవక, తేమను బాగా పట్టి ఉంచుతుంది. ఒక్కటే జాగ్రత్త, దాంట్లో ఉప్పు ఉంటుంది. రెండు మూడు నీళ్ళలో నానబెట్టి పిండాకే వాడాలి. అలా పిండిన పొట్టుకు రెండు మూడు నెలలు మాగిన గత్తం, చింపిన పాత పేపరు కలుపుతాను. పచ్చిపేడ మాత్రం వేయకూడదు. అది మాగేటప్పుడు పుట్టే వేడి, వాయువు కలిసి ఎర్రలను ఒక్క రాత్రిలో ఉడికిస్తాయి.

తడి ఎంత ఉండాలో చెప్పడానికి కొలతలు అక్కర్లేదు. పరుపును పిడికెడు తీసుకుని గట్టిగా పిండండి. వేళ్ళ సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే ఎక్కువ, చుక్క కూడా రాకపోతే తక్కువ. కుండ చుట్టూ తడి గోనెసంచి చుట్టి, ఇటుక మీద నిలబెట్టి, ఆ ఇటుకను నీళ్ళు పోసిన వెడల్పాటి పళ్ళెంలో పెడతాను. వెనకటి వంటిళ్ళలో జాలి బీరువా కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టేవారు, గుర్తుందా? అదే ఉపాయం. చీమలు పట్టిన ఎర్రల కుండ ఒక్క పూటలో ఖాళీ అవుతుంది. ఆ బాధ నాకు రెండుసార్లు అయింది.

కుండను నమ్మడానికి కూడా ఒక హద్దు ఉంది. తడి ఆరుతున్నప్పుడే కుండ చల్లబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పడమటి గాలి పొడిగా వీచే రోజుల్లో, ముఖ్యంగా తీరానికి దూరంగా ఉన్న పాలకొండ, రాజాం వైపు, తడి గోనె అద్భుతంగా పనిచేస్తుంది. సముద్రం ఒడ్డున, గాలి నిండా తేమ ఉన్నచోట, అదే కుండ అంతగా చల్లబడదు. భావనపాడులోనో కోనాడలోనో ఉండేవారు గోనెసంచి మీద కంటే నీడ మీద ఎక్కువ ఆధారపడాలి. ఇంటికి ఉత్తరం వైపు, నేల మీద, గోడ నీడలో పెట్టుకోవడం మంచిది. డాబా మెట్ల కింద పెడితే సాయంత్రానికి కాంక్రీటు వేడి కక్కుతుంది.

వర్షాకాలంలో ఇంకో చిక్కు. పేడకుప్పలో దొరికే సన్నటి ఎర్రలకు వాన వాసన తగిలితే కాళ్ళు వస్తాయి. ఒక జూలై రాత్రి కుండ మీద పల్చటి గుడ్డ మాత్రం కట్టి పడుకున్నాను. తెల్లారేసరికి వరండా పొడవునా సన్నటి జిగురు గీతలు, చివర గుమ్మం దగ్గర ఎండిపోయిన నాలుగు ఎర్రలు. మిగతావన్నీ పూలకుండీలకు వలస వెళ్ళాయి. అప్పటినుంచి కొత్తగా తెచ్చిన ఎర్రలకు మొదటి రెండు రాత్రులు కుండ పైన చిన్న బల్బు వెలిగిస్తాను. వెలుగంటే వాటికి పడదు, పరుపులోకి దిగిపోతాయి. రెండు రోజులు ఉన్నాయంటే ఇక ఆ ఇంటివే.

తిండి వారానికి ఒకసారి, చెంచాడు. అరటి తొక్క ముక్కలు, చక్కెర వేయకముందు వడకట్టిన టీ పొడి, గుడ్డు పెంకుల పొడి చిటికెడు. మన ఇంటి కూరల్లో ఉప్పు, కారం, చింతపండు లేనిది ఏదీ ఉండదు కాబట్టి మిగిలిన కూరలు వేయకండి. నిమ్మ తొక్కలు, వేపాకు కూడా పనికిరావు. తవుడు వేస్తే వేడెక్కుతుంది. పది రోజులు ఊరెళ్ళాల్సి వస్తే తిండి గురించి దిగులు పడకండి. పరుపు తడి ఆరకుండా పక్కింటివారికి చెప్పి వెళితే చాలు.

ఎవరైనా వారానికి రెండు మూడుసార్లు వెళ్తుంటే, లేదా నలుగురు స్నేహితులు కలిసి వెళ్తుంటే కుండ చాలదు. అప్పుడు పెరట్లో చెట్టు నీడన మూడు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, అడుగు లోతు ఇటుకల మడి కట్టుకోవడం లాభం. నేల వేడిని సర్దుతుంది కాబట్టి ఎండ దెబ్బ కుండ కంటే తక్కువ. ఎలుకలు, పందికొక్కులు, కోళ్ళు మాత్రం మీ కంటే ముందు ఎర్రలను కనిపెడతాయి. పైన ఇనుప జాలి తప్పదు. అపార్ట్‌మెంట్లో ఉండేవారికి ఈ ఆలోచనే వద్దు.

చిన్న చేపలు

కొరమేను కోసం, వాలుగ కోసం గాలం వేసేవారికి బతికున్న చిన్న చేపే సరైన ఎర. మడ్డువలస జలాశయం వైపు వెళ్ళే మిత్రులు పరిగెలు లేకపోతే బయలుదేరరు. కానీ దాచడంలో ఎర్రలకంటే ఇవి పదింతలు కష్టం. కారణం ఒక్కటే, నీటిలో ఉండే గాలి.

లీటరు మంచినీటిలో 20 డిగ్రీల దగ్గర సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. అదే సమయంలో, వేడి పది డిగ్రీలు పెరిగితే చేప ఒంటికి కావలసిన ఆక్సిజన్ దాదాపు రెట్టింపు అవుతుంది. అంటే వేసవి బకెట్టులో ఆదాయం తగ్గి ఖర్చు పెరిగిన సంసారం. అది ఎన్ని రోజులు సాగుతుంది?

అందుకే మొదటి పోలిక పాత్రలోనే. గాలి నీటిలోకి దిగేది పైముఖం నుంచి మాత్రమే. ఇరవై లీటర్ల నీళ్ళు లోతైన బకెట్టులో ఉన్నప్పటికంటే వెడల్పాటి టబ్బులోనో, పశువుల కుడితి తొట్టిలోనో ఉన్నప్పుడు ఎక్కువ చేపలు బతుకుతాయి. నా లెక్క వేలెడు చేపకు రెండు లీటర్లు, పంపు లేకపోతే నాలుగు. సిమెంటు తొట్టి కొత్తదైతే నెల రోజులు నీళ్ళు మార్చి మార్చి నానబెట్టాకే వాడాలి. కొత్త సిమెంటు సున్నపు గుణం చేపలకు విషం.

నీళ్ళ విషయంలో బావి నీళ్ళు మేలు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ మొప్పలను కాలుస్తుంది. వెడల్పాటి పాత్రలో ఒక రోజంతా తెరిచి ఉంచాకే చేపలను వదలాలి. తొందర ఉంటే అక్వేరియం దుకాణంలో యాంటీ క్లోరిన్ పేరుతో దొరికే మందు చుక్కలు సరిపోతాయి. అది సోడియం థయోసల్ఫేటు, ఫొటోలు కడిగే రోజుల్లో హైపో అనేవాళ్ళం. వానలు పడి పంచాయతీ వాళ్ళు బావిలో బ్లీచింగ్ వేసిన వారం బావి నీటినీ అలాగే చూడాలి. బోరు నీళ్ళలో క్లోరిన్ ఉండదు గానీ గాలీ ఉండదు. ఒక బకెట్టులోంచి ఇంకో బకెట్టులోకి ఎత్తునుంచి పదిసార్లు పోస్తే తేరుకుంటుంది. టీ చల్లార్చినట్టే.

తరువాత పంపు. ఇంటి కరెంటుతో నడిచే అక్వేరియం పంపు చవక, ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. బ్యాటరీతో నడిచేది ఖరీదు కొంచెం ఎక్కువ, శబ్దం చేస్తుంది, సెల్స్ అయిపోతుంటాయి. కాగితం మీద చూస్తే మొదటిదే గెలవాలి. నేనూ అలాగే అనుకుని 2018 అక్టోబరులో తొట్టిలో పాతిక పరిగెలు వేసి పంపు పెట్టుకున్నాను. 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కరెంటు పోయి రోజుల తరబడి రాలేదు. ఉద్దానంలో కొబ్బరి తోటలకు తోటలే నేలకొరిగిన ఆ వారం నా పరిగెలు ఒక లెక్కలోవి కావు. కానీ పాఠం మాత్రం పనికొచ్చింది. మామూలు రోజుల్లో కూడా రాత్రి రెండు గంటలు కరెంటు పోతే చాలు, పంపును నమ్మి కిక్కిరిసి వేసిన చేపలన్నీ తేలిపోతాయి. కాబట్టి ఇంటి పంపు కొనండి, కానీ పంపు లేకపోయినా బతికేటన్ని చేపలే వేయండి. బ్యాటరీ పంపును ప్రయాణానికి, కరెంటు పోయిన రాత్రులకు పక్కన ఉంచుకోండి. ఫోను పవర్ బ్యాంకుతో నడిచే చిన్న పంపులు ఇప్పుడు వస్తున్నాయి. ఒక్కటే కొనే స్తోమత ఉంటే నేను దాన్నే కొంటాను.

చేపలకు మొప్పల ద్వారా అమ్మోనియా బయటికి వస్తూనే ఉంటుంది. నీళ్ళు వేడెక్కితే దాని విషం ఇంకా పెరుగుతుంది. రోజూ మూడో వంతు నీళ్ళు తీసి అంతే వేడి ఉన్న కొత్త నీళ్ళు పోయాలి. లీటరుకు రెండు గ్రాముల కల్లుప్పు కలిపితే పట్టుకున్నప్పుడు పొలుసులు రాలిన చేపలు కోలుకుంటాయి. మన నౌపడా ఉప్పే చాలు, ప్యాకెట్టు ఉప్పు అక్కర్లేదు. దాచిన రెండు మూడు రోజులూ తిండి వేయకండి. చల్లబరచాలంటే ఐసు ముక్కలు నేరుగా వేయకూడదు. నీళ్ళ సీసాను గడ్డకట్టించి తొట్టిలో తేలనివ్వండి. ఒక్కసారిగా వేడి పడిపోతే చేప చలికి కాదు, ఆ కుదుపుకు చస్తుంది.

ఇక చెరువులో వల సంచి. ఊరి చెరువు పక్కన ఇల్లు ఉన్నవారికి ఇంతకంటే చవకైన దారి లేదు. సన్న కన్నుల నైలాన్ వలను నాలుగు కర్రలకు కట్టి, పైన మూత వేసి, మోకాలి లోతు నీళ్ళలో దింపితే చేపలు వారమైనా ఉంటాయి. నీరు మార్చే పనిలేదు, కరెంటు గొడవ లేదు. నీటిపాములు, కొంటె పిల్లలు, ఉదయాన్నే వచ్చే కొంగలు మాత్రం మీ ఇష్టానికి వదిలేశాను. అన్నిటికంటే పెద్ద ప్రమాదం కంటికి కనబడనిది. పాచి పట్టి చిక్కటి ఆకుపచ్చగా ఉన్న చెరువులో పగలంతా ఆక్సిజన్ పుష్కలం, రాత్రి ఆ పాచే దాన్ని పీల్చేస్తుంది. సూర్యోదయానికి ముందు గంట చేపలకు గండం. మబ్బు పట్టిన రోజు మర్నాడు మరీ గండం. అలాంటి చెరువులో సంచిని లోతుగా కాక నీటి పైభాగంలో, గాలికి అలలు రేగే వైపు కట్టాలి. ఇంకో మాట, ఆ చెరువును మత్స్యకార సహకార సంఘం లీజుకు తీసుకుని ఉంటే ముందు వాళ్ళ అనుమతి అడగాలి. బొచ్చె, శీలావతి పిల్లలను ఎరకు పట్టామంటే తగాదా ఖాయం, న్యాయం కూడా వాళ్ళ వైపే.

ఇన్ని తంటాలు పడలేమనేవారు మట్టగిడస పిల్లలను చూడండి. ఇవి పైకి వచ్చి గాలి పీల్చుకుని బతికే చేపలు. పంపు లేకుండా చిన్న బకెట్టులో కూడా రోజుల తరబడి ఉంటాయి. బకెట్టు నిండా పోయకండి, మూత గట్టిగా కట్టండి. ఎగిరి బయటపడటంలో వీటిని మించినవి లేవు. పరిగె తెల్లగా మెరుస్తూ వాలుగను దూరం నుంచి పిలుస్తుంది, నల్లటి మట్టగిడసకు ఆ అందం లేదు. కానీ గాలానికి గుచ్చాక పరిగె పావుగంటకే సోలిపోతుంది, మట్టగిడస గంటలు కొట్టుకుంటుంది. బతికించడం, వాడటం రెండూ కలిపి చూస్తే వారాంతపు వేటగాడికి నేను మట్టగిడసనే సిఫారసు చేస్తాను.

రొయ్యలు

మొగల దగ్గర పండుగప్ప కోసం కూర్చునేవారికి బతికున్న రొయ్యను మించిన ఎర లేదు. దాచడానికి దానికంటే పెంకి ఎర కూడా లేదు. ఉప్పునీటిలో ఆక్సిజన్ ఇంకా తక్కువ కరుగుతుంది. 30 డిగ్రీల సముద్రపు నీటిలో లీటరుకు ఆరు మిల్లీగ్రాముల పైచిలుకే. పైగా ఒక రొయ్య కుబుసం విడిచిందంటే ఆ మెత్తటి గంటలో పక్కవి దాన్ని పీక్కు తింటాయి.

కళింగపట్నంలో విసురు వల వేసే ఒక తాతను అడిగాను, "తాతా, శనివారం సాయంత్రం కొని ఆదివారం దాకా ఉంచుకునే మార్గం చెప్పు" అని. ఆయన వల దులుపుతూనే అన్నాడు, "రొయ్యలకు నీ ఇంట్లో కాపురం పెడతావా బాబూ? పొద్దున్నే రా, నీ కళ్ళముందే పట్టి ఇస్తాను." ఆ సలహా ఇప్పటికీ మారలేదు. రొయ్యను దాచడం కంటే రొయ్య పట్టేవాడితో స్నేహం దాచుకోవడం తేలిక.

అయినా ఒక రాత్రి ఉంచక తప్పదంటే రెండు దారులున్నాయి. ఒకటి నీటిలో. రొయ్యలు పట్టిన చోటి నీళ్ళనే తెచ్చుకోవాలి. మొగలో ఉప్పదనం ఆటుపోట్లతో మారుతూ ఉంటుంది, వంశధారకు వరద వచ్చిన రోజుల్లో దాదాపు మంచినీరే. ఇంట్లో ఉప్పు కలిపి తయారు చేసిన నీళ్ళు ఆ తేడాను పట్టుకోలేవు. వెడల్పు టబ్బు, పంపు, దాక్కోవడానికి వల ముక్కలు, లీటరుకు ఒక రొయ్యకు మించకూడదు. రెండోది నీళ్ళు లేకుండా. థర్మాకోల్ పెట్టె అడుగున గడ్డకట్టిన నీళ్ళ సీసాలు, వాటి మీద మందంగా పేపర్లు, ఆ పైన అదే ఉప్పునీటిలో తడిపిన గోనె మడతలు, మడతల మధ్య రొయ్యలు. మొప్పలు తడిగా ఉన్నంతసేపు రొయ్య ఊపిరి ఆడుతుంది, చల్లదనానికి కదలక పడి ఉంటుంది. జపాన్‌లో కురుమా రొయ్యలను చల్లటి రంపపు పొట్టులో పెట్టి బతికుండగానే మార్కెట్లకు పంపుతారు, సూత్రం అదే. మూడు నాలుగు గంటల ప్రయాణానికి ఈ పద్ధతి నీటి టబ్బును సునాయాసంగా ఓడిస్తుంది. బండి మీద నీళ్ళు తొణికే బాధ కూడా ఉండదు. రాత్రంతా ఉంచాలంటే మాత్రం టబ్బే.

చెరువుల రొయ్యలు ఒక్కోసారి చాలా చవకగా దొరుకుతాయి. ఎందుకు చవక అని అడగండి. చెరువులో తెల్లమచ్చ జబ్బు కనబడితే రైతు ఉన్నపళంగా పట్టేస్తాడు. ఆ రొయ్య తింటే మనిషికి ఏమీ కాదు, కానీ గాలానికి గుచ్చి కాలువలో వేస్తే వైరస్ ఆ కాలువ నీరు తోడుకునే ఇంకో చెరువుకు చేరే వీలుంది. ఆస్ట్రేలియాలోని లోగాన్ నది పక్క రొయ్యల చెరువులకు 2016లో ఈ జబ్బు సోకినప్పుడు, ఎరగా వాడిన దిగుమతి రొయ్యల మీద అనుమానం వచ్చింది. మన తీరంలో భోగాపురం నుంచి సోంపేట దాకా ఎందరి పెట్టుబడులు ఆ చెరువుల్లో ఉన్నాయో తెలిసిందే. మొగలో పట్టిన రొయ్యే వాడండి.

మిగతావి, క్లుప్తంగా

మిడతలకు గాలి ఆడే సీసా, గుప్పెడు పచ్చగడ్డి చాలు, రెండు రోజులు ఉంటాయి. కప్పల జోలికి నేను పోను. పొలంలో పురుగులను తినిపెట్టే జీవి, పైగా దేశంలో కప్ప కాళ్ళ ఎగుమతి 1987లో నిషేధించేంత దాకా పోయింది వాటి పరిస్థితి. కొరమేనుకు కప్పే కావాలనుకుంటే రబ్బరు కప్ప ఉంది. దాన్ని బతికించే పని కూడా లేదు.

పెద్దగా ఎవరూ పట్టించుకోని ఎర ఒకటుంది. పేడకుప్ప తవ్వితే బొటనవేలంత లావున, తెల్లగా, సున్నా చుట్టుకుని పడి ఉండే పురుగులు. వాటిలో చాలావరకు కొబ్బరి చెట్టు మొవ్వును తొలిచే కొమ్ము పురుగు పిల్లలే. వాటి గత్తంతోనే డబ్బాలో పెడితే వారాల తరబడి దిట్టంగా ఉంటాయి, వేడికి ఎర్రలకంటే బాగా ఓర్చుకుంటాయి. వాలుగలు, జెల్లలు వీటిని వదలవు. ఉద్దానంలో ఏ రైతును అడిగినా తవ్వుకుపొమ్మంటాడు, కావాలంటే పార కూడా ఇస్తాడు. మిగిలినవాటిని కోళ్ళకు వేయండి. పొరపాటున కూడా తోటలో పారేయకండి.

కొత్తగా మొదలుపెట్టేవారికి, ఏ చేప పడుతుందో తెలియనివారికి గత్తం ఎర్రల కుండ ఒక్కటి చాలు. నది, చెరువు, కాలువ, ఎక్కడైనా పనికొస్తుంది. కొరమేను మీదే మనసున్నవారు కుండకు తోడు మట్టగిడసల బకెట్టు పెట్టుకోవచ్చు. పరిగెలు కావాలనుకుంటే ముందు వెడల్పు తొట్టి, తరువాతే పంపు. మొగల దగ్గరకు వెళ్ళేవారు ఏ సరంజామా కొనకముందు తెల్లవారుజామున వల వేసేవారి ఫోను నంబరు సంపాదించండి. బొచ్చె, శీలావతి కోసం వెళ్ళేవారు ఇదంతా చదవడమే దండగ, వాటికి తవుడు, వేరుశనగ చెక్క ముద్ద సరిపోతుంది.

వేట అయ్యాక మిగిలిన ఎరను ఒడ్డునే నీళ్ళలో కుమ్మరించి వచ్చేస్తుంటారు చాలామంది. ఒక చెరువు చేపను ఇంకో చెరువులో వదలడం నాకు నచ్చదు. అక్వేరియంలో ముచ్చటపడి పెంచి, విసుగెత్తి వదిలేసిన దెయ్యం చేప ఇప్పుడు మన రాష్ట్రపు చెరువుల్లో వలలు చింపుతోంది. అందుకే నా బకెట్టులో మిగిలినవి నాతోనే ఇంటికి వస్తాయి. మట్టగిడసలు తిరిగి తమ బకెట్టులోకి, ఎర్రలు కుండలోకి. రొయ్యలు మాత్రం ఏ తొట్టిలోకీ వెళ్ళవు. ఫ్రిజ్ సంగతి ఇంకా మరిచిపోని మా ఆవిడ, వాటిని చూడగానే ఏమీ అనకుండా ఉల్లిపాయలు తరగడం మొదలుపెడుతుంది.